జోలె పట్టిన కుర్రాళ్లు

ముస్లిం విద్యార్థి నాయకుడు అనగానే చాలామంది కళ్లముందు మైకు ముందు ఊగిపోయే కుర్రాడే మెదులుతాడు. అలీగఢ్ పేరెత్తితే దేశ విభజన తప్ప మరోటి గుర్తుకు రాదు. ఈ బొమ్మ మేం గీసింది కాదు. మోస్తున్నది మాత్రం మేమే.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో పెట్టిన బడి 1877లో కాలేజీ అయింది. 1883లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన థియోడర్ బెక్ అంతకుముందు కేంబ్రిడ్జి యూనియన్‌కు అధ్యక్షుడు. మరుసటి ఏడే అలీగఢ్‌లోనూ అలాంటి సిడన్స్ యూనియన్ క్లబ్ వెలిసింది. తీర్మానం పెట్టడం, ఎదుటివాడి మాట చివరిదాకా వినడం, ఓటింగులో ఓడితే ఒప్పుకోవడం అక్కడ అలవాటయ్యాయి. సర్కారుకు విధేయులు తయారవ్వాలన్నది బెక్ ఆశ. వాదించడం వచ్చినవాడు ఎవరితో వాదించాలో దొరనడిగి తెలుసుకుంటాడా? 1907లో ఆ కాలేజీ కుర్రాళ్లే ఇంగ్లీషు యాజమాన్యం మీద సమ్మె కట్టారు.

అయినా మేం ఎక్కువ విలువిచ్చేది ఆ క్లబ్బుకు కాదు, 1890లో సాహబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ చొరవతో పుట్టిన అంజుమన్-అల్-ఫర్జ్‌కు. ఫర్జ్ అంటే విధి. పేద విద్యార్థుల చదువు కోసం వీళ్లు సెలవుల్లో ఊళ్లు తిరిగి చందాలు పోగుచేసేవారు. తక్రీర్‌కు చప్పట్లు కొట్టించుకోవడం వేరు, ముక్కూమొహం తెలియని వాళ్ల గడపలో నిలబడి చేయి చాచడం వేరు. అందులోనూ వీళ్లు షరీఫ్ ఇళ్ల పిల్లలు. (ఆ కాలేజీ షరీఫుల కోసమే పుట్టిందన్న విమర్శ నిజమే. కింది కులాల ముస్లింలు సర్ సయ్యద్ లెక్కలో లేరు. ఆడపిల్లల మాట సరేసరి.)

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు వచ్చి సర్కారీ చదువు వదలమన్నారు. బయటికొచ్చినవాళ్లలో 1897లో మన హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ ఒకరు. అప్పటికే కాలేజీలో పేరున్న విద్యార్థి నాయకుడు. బయటికి రావడం ఒక్కపూట పని. ఆ తర్వాత? అక్టోబరు 29న జామియా మిల్లియా మొదలైంది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారగానే డబ్బు ఆగిపోయింది. 1925లో సంస్థను ఢిల్లీకి తరలించారు. మూసేద్దామన్న మాటా వచ్చింది. జర్మనీలో చదువుతున్న జాకిర్, మేం వస్తున్నాం, మూయొద్దని కబురు పెట్టారు. 1926లో ఆబిద్ హుసేన్, ముజీబ్‌లతో తిరిగొచ్చి పగ్గాలు పట్టేనాటికి ఆయనకు 29 ఏళ్లు. 1948 దాకా వదల్లేదు. ఉపన్యాసాలకన్నా చందాల కోసం తిరగడమే ఎక్కువైంది. వెనక అంజుమన్ కుర్రాళ్లు చేసిన పనే.

1928లో అధ్యాపకులు ఓ సంఘం కట్టారు. 20 ఏళ్లు ఇక్కడే పనిచేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి పుచ్చుకోమని మాటిచ్చారు. ఆ జీతమైనా నెలనెలా చేతికందేది కాదు.