ఓరుగల్లు: మైదానంలో వెలసిన రాజధాని

కాకతీయుల రాజధాని ఓరుగల్లు చదునైన నేల మీద కట్టిన నగరం. యాదవుల దేవగిరికి నిట్టనిలువు కొండే కోట. ఓరుగల్లులో చెప్పుకోదగ్గ ఎత్తు ఏకశిల గుట్ట ఒక్కటే. కొండలు ఇవ్వని రక్షణను ఇక్కడ గోడలు, అగడ్తలే ఇవ్వాల్సి వచ్చింది.

కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. 1163లో రుద్రదేవుడు అక్కడ వేయిస్తంభాల గుడి కట్టించాడు. ఓరుగల్లు కోట పని కూడా ఆయన కాలంలోనే మొదలైందని చెబుతారు. 1199లో గద్దెనెక్కిన గణపతిదేవుడి హయాంలో రాతికోట రూపుదిద్దుకుంది. ఆయన కూతురు రుద్రమదేవి దాని ఎత్తు పెంచింది.

నగరం వలయాలుగా పెరిగింది. నడుమ స్వయంభూ శివాలయం, దానికి నాలుగు దిక్కులా కీర్తితోరణాలు నిలిచాయి. వాటి చుట్టూ 45 బురుజుల రాతికోట, నాలుగు ద్వారాలు, అగడ్త ఉన్నాయి. ద్వారంలోకి వచ్చినవాడు నేరుగా లోపలికి పోలేడు, మలుపులు తిరగాలి. దూసుకొచ్చే శత్రుసేనను నిలువరించే ఏర్పాటు అది. రాతికోటకు వెలుపల మట్టికోట, దానికీ మరో అగడ్త ఉండేవి. ఇంకా వెలుపలి మట్టికట్ట హనుమకొండను సైతం కలుపుకొంది.

పెద్ద నది ఒడ్డున లేని ఈ రాజధానికి చెరువులే ఆధారం. పాకాల, రామప్ప చెరువులు గణపతిదేవుడి కాలానివే. వర్తకానికీ ఆయన అండగా నిలిచాడు: 1244 నాటి మోటుపల్లి రేవు అభయశాసనం సముద్ర వర్తకులకు రక్షణ హామీ ఇచ్చింది. ఓరుగల్లు వీధులు, అంగళ్లు, కోడిపందేలు, రూకకు భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు 'క్రీడాభిరామం' కావ్యంలో కనిపిస్తాయి.

గోడల గట్టితనానికి 1310 ముట్టడే పరీక్ష. ఉక్కు బల్లెం సైతం మట్టిగోడలో దిగలేదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. అయినా ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ సేన మట్టికోట దాటి రాతికోటను చుట్టుముట్టింది. అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్‌ఖాన్‌కు కోట చిక్కింది. బందీగా ఢిల్లీకి వెళ్తూ ప్రతాపరుద్రుడు దారిలోనే మరణించాడు. ఢిల్లీ పాలకులు నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టి, శివాలయాన్ని కూల్చారు. తోరణాలు మాత్రం మిగిలాయి.

తర్వాత ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి గెలిచి పాలించాడు. ఆయన అనంతరం అధికార కేంద్రం క్రమంగా గోల్కొండకు, 1591 తర్వాత హైదరాబాద్‌కు మారింది. ఓరుగల్లు రాజధాని హోదా కోల్పోయినా నగరంగా నిలిచింది. 2014లో ఏర్పడిన తెలంగాణ తన రాజముద్రలో చార్మినార్‌తో పాటు కాకతీయ తోరణాన్నీ చేర్చుకుంది.