జలవిజ్ఞానం నుంచి జలపాలనకు: కె.ఎల్. రావు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

శాస్త్రజ్ఞులకు అధికారం అప్పగిస్తే ప్రజల సమస్యలు త్వరగా తీరుతాయన్న నమ్మకం స్వాతంత్ర్యానంతర భారతదేశంలో బలంగా ఉండేది. ఆ నమ్మకానికి తెలుగునాట ప్రముఖ ఉదాహరణ డాక్టర్ కానూరి లక్ష్మణరావు. నదీజలాలను లెక్కగట్టిన ఇంజనీరుగా ఆయన సాధించినదేమిటి, ఆ జలాల పంపకాన్ని పర్యవేక్షించిన మంత్రిగా ఎదుర్కొన్న పరిమితులేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

ఇంజనీరుగా

కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో జన్మించిన రావు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. పోలవరం వద్ద గోదావరిపై మద్రాసు ప్రభుత్వం తలపెట్టిన రామపాదసాగర్ ప్రాజెక్టు రూపకల్పనలో పాల్గొన్నారు. 1950లో ఢిల్లీలోని కేంద్ర జల, విద్యుత్ సంఘంలో చేరి ఆనకట్టల నమూనాల విభాగానికి సేవలందించారు.

ఆయన పేరు చెప్పగానే నాగార్జునసాగర్ గుర్తుకు వస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట ప్రధానభాగాన్ని కాంక్రీటుతో కాక రాతితో కట్టారు. సిమెంటు కొరతగా ఉండి, శ్రామికులు విరివిగా లభించే దేశానికి తగిన నిర్ణయమది. విదేశాలలో నేర్చిన విద్యను స్థానిక వనరులకు అనుగుణంగా మలచుకోవడం ఇందులో కనిపిస్తుంది. అయితే ఈ నిర్మాణానికి మూల్యం కూడా ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ జలాశయంలో మునిగిపోయింది.

మంత్రిగా

1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన రావు 1963 జులైలో కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు. 1967, 1971 ఎన్నికలలోనూ గెలిచి, 1973 వరకు పదవిలో కొనసాగారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీరు విడుదల చేసేనాటికి ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది.

అయితే రాజ్యాంగం ప్రకారం నీరు ప్రధానంగా రాష్ట్రాల విషయం. అంతర్రాష్ట్ర నదులపై వివాదం చర్చలతో తెగకపోతే, 1956 నాటి చట్టం మేరకు కేంద్రం దానిని ట్రిబ్యునల్‌కు నివేదించాలి. కృష్ణా విషయంలో అదే జరిగింది. ఎగువన మహారాష్ట్ర, మైసూరు, దిగువన ఆంధ్రప్రదేశ్. మంత్రి దిగువ రాష్ట్రానికి చెందినవారు, పైగా సాగర్ రూపకర్తలలో ఒకరు. అటువంటప్పుడు ఆయన లెక్క ఎంత సరైనదైనా, అది ఒక పక్షం వాదనగా వినిపించే అవకాశం ఉంటుంది. 1969 ఏప్రిల్‌లో జస్టిస్ బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునల్ ఏర్పడింది. 1973 డిసెంబరులో అది 2060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. నీటి లభ్యతను తేల్చడానికి ఇంజనీర్ల గణాంకాలు ఆధారమైనా, వాటాల నిర్ణయం న్యాయమూర్తుల చేతికి వెళ్లింది.

గంగా–కావేరి ప్రతిపాదన

1972లో రావు ప్రతిపాదించిన గంగా–కావేరి అనుసంధానాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. పాట్నా సమీపంలో ఏడాదికి సుమారు 150 రోజులపాటు 60,000 క్యూసెక్కులు మళ్లించి, అందులో 50,000 క్యూసెక్కులను 549 మీటర్ల ఎత్తుకు తోడి, 2,640 కిలోమీటర్ల మార్గంలో దక్షిణాదికి తరలించాలన్నది ఆ పథకం. ఉన్న నీటికై రాష్ట్రాలు పోరాడుతుంటే, పంచవలసిన నీటినే పెంచాలని ఆయన తలచారు. ఇది ఇంజనీరు ఆలోచన. కానీ వ్యయాన్ని బాగా తక్కువగా అంచనా వేశారని, నీరు తోడడానికి అపారమైన విద్యుత్తు కావాలని కేంద్ర జలసంఘం పరిశీలనలో తేలడంతో పథకం ఆగిపోయింది. నదుల అనుసంధానం ఆలోచన మాత్రం నిలిచింది. 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ ఏర్పడింది.

ముగింపు

రావు 1986లో మరణించారు. పులిచింతల జలాశయానికి ఆయన పేరు పెట్టారు. 2014 తరువాత కృష్ణాజలాల వివాదం రెండు తెలుగు రాష్ట్రాల మధ్యకు వచ్చింది. మళ్లీ ట్రిబ్యునల్ ముందే వాదనలు సాగుతున్నాయి. నదిలో నీరెంతో శాస్త్రం చెప్పగలదు. అందులో ఎవరి వాటా ఎంతో ఒప్పించవలసింది రాజకీయం. ఒకే వ్యక్తి ఈ రెండు బాధ్యతలనూ మోసినప్పుడు రెండవదానికి మొదటిది ప్రత్యామ్నాయం కాజాలదని రావు జీవితం నిరూపిస్తున్నది. దీనిని ఆయన వైఫల్యంగా కాక, నిపుణుల పాలనపై మనం పెట్టుకున్న ఆశకు గల హద్దుగా గ్రహించడం సమంజసం.