పేటెంటుకు అర్హమైన ఆవిష్కరణలు

కొత్తదై, ఆ రంగంలో చేయి తిరిగినవారికి కూడా తేలిగ్గా తట్టనిదై, పరిశ్రమలో తయారీకో వాడకానికో పనికొచ్చే వస్తువు లేదా పద్ధతి పేటెంటుకు అర్హమైనది. ఈ మూడు షరతులూ 1970 నాటి భారత పేటెంట్ల చట్టంలోనివి. మూడూ నెగ్గినా, అదే చట్టంలోని 3, 4 సెక్షన్లు కాదన్న జాబితాలో ఉంటే పేటెంటు రాదు. హక్కు గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఈ దేశంలో అర్హత చరిత్ర చాలావరకు తిరస్కరణల చరిత్రే. ఆ వాదాల్లో తెలుగు సంస్థలు హక్కు అడిగిన పక్షాన కన్నా అభ్యంతరం చెప్పిన పక్షాన ఎక్కువగా కనిపిస్తాయి.

తొలి దశ

నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు పర్షియా కత్తులకు ఎగుమతైన శతాబ్దాలన్నిటా పనితనం కుటుంబాల గుట్టుగానే సాగింది. వెనిస్ 1474లో, ఇంగ్లండ్ 1624లో పేటెంటు చట్టాలు చేసుకున్నాయి. భారతదేశంలో తొలి చట్టం 1856లో వచ్చింది. కలకత్తాకు చెందిన ఇంజినీరు జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ ఆ ఏడాదే పంకా లాగే యంత్రానికి దరఖాస్తు పెట్టి మొదటి హక్కు పొందాడు. రాణి ఆమోదం లేకుండా చేశారన్న కారణంగా చట్టాన్ని మరుసటి ఏడే రద్దు చేసి, 1859లో మరొకటి తెచ్చారు. తర్వాత 1888లో, 1911లో కొత్త చట్టాలు వచ్చాయి.

1970 చట్టం

స్వాతంత్ర్యం వచ్చాక కూడా పేటెంట్లలో అధిక భాగం విదేశీ సంస్థల చేతిలోనే ఉండేవి. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఈ పరిస్థితిని నిశితంగా విప్పి చూపింది. దాని ఆధారంగా రూపొందిన 1970 చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. ఆహారం, మందుల విషయంలో పదార్థానికి పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంటుందని 5వ సెక్షన్ చెప్పింది. ఆ హక్కు కూడా గరిష్ఠంగా ఏడేళ్లే.

హైదరాబాదు మందుల పరిశ్రమ ఎదగడానికి ఈ ఒక్క సెక్షన్ చేసినంత మేలు మరే పథకమూ చేయలేదు. మందు ఒకటే అయినా వేరే దారిలో తయారుచేస్తే నేరం కాదు కనుక కెమిస్టుల నైపుణ్యానికి గిరాకీ పెరిగింది. ప్రభుత్వ రంగంలోని ఐడీపీఎల్‌లో పని నేర్చినవారు బయటికొచ్చి సొంత సంస్థలు పెట్టారు. అలా వచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. వి.సి. నన్నపనేని 1981లో నాట్కో పెట్టారు. నేటి ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ)లో ఎ.వి. రామారావు బృందం ఎయిడ్స్ మందు ఏజడ్‌టీకి సొంత తయారీ పద్ధతిని అభివృద్ధి చేసింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005 జనవరి 1 నుంచి 5వ సెక్షన్ పోయింది. దాని స్థానంలో పార్లమెంటు గట్టి కాపలా ఒకటి పెట్టింది. అదే 3(డి): తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన చాలదు, దాని సామర్థ్యం పెరగాలి.

పసుపు, వేప

గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతిపై అమెరికా 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చింది. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు మార్కెట్లున్న నేలలో ఇది విన్నవారు నవ్వుకుని ఉండాలి. భారత పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికల నుంచి 32 ఆధారాలు సమర్పించడంతో 1997లో అది రద్దయింది. వేప నూనె ఆధారిత శిలీంధ్ర నాశనిపై ఇచ్చిన పేటెంటును ఐరోపా కార్యాలయం 2000లో రద్దు చేసింది. 2005లో అప్పీలు కూడా ఓడింది. ఇటువంటి సంప్రదాయ జ్ఞానాన్ని భారత చట్టం 3(పి) కింద స్పష్టంగా మినహాయించింది.

గ్లివెక్ కేసు

రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మూల పదార్థానికి 1993లోనే విదేశాల్లో దరఖాస్తు దాఖలైంది. దాని లవణమైన ఇమాటినిబ్ మెసిలేట్‌లో బీటా అనే స్ఫటిక రూపం కోసం స్విస్ సంస్థ నొవార్టిస్ 1998లో చెన్నై పేటెంటు కార్యాలయాన్ని ఆశ్రయించింది. దరఖాస్తు పెండింగులో ఉండగానే 2003లో ఆ మందుకు ప్రత్యేక అమ్మకపు హక్కు లభించింది. నొవార్టిస్ బ్రాండు గ్లివెక్ ఖర్చు నెలకు సుమారు లక్షా ఇరవై వేల రూపాయలు కాగా, దేశీయ సంస్థల మందు ఎనిమిది నుంచి పది వేలకు దొరికేది.

అభ్యంతరం చెప్పినవారిలో క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్, సిప్లా, ర్యాన్‌బాక్సీతో పాటు హైదరాబాదు సంస్థలు నాట్కో, హెటిరో ఉన్నాయి. చెన్నై కార్యాలయం 2006 జనవరిలో దరఖాస్తును తోసిపుచ్చింది. 3(డి) రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను మద్రాసు హైకోర్టు 2007లో కొట్టివేసింది.

చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయి ధర్మాసనం నొవార్టిస్ అప్పీలును కొట్టివేసింది. ఓపికగా రాసిన తీర్పు అది. మందు విషయంలో సామర్థ్యం అంటే రోగాన్ని నయం చేసే సామర్థ్యమేనని తేల్చింది. బీటా రూపం పొడి బాగా జారుతుంది, తేమ తక్కువ పీలుస్తుంది, ఎక్కువ స్థిరంగా ఉంటుంది అన్నవి తయారీదారుకు సౌకర్యాలే తప్ప రోగికి అదనపు మేలు కావన్నది. శరీరం మందును 30 శాతం ఎక్కువగా గ్రహిస్తుందన్న వాదన మిగిలింది. దానివల్ల జబ్బు మరింత బాగా తగ్గుతుందని చూపే ఆధారం లేకపోవడంతో అదీ నిలవలేదు.

నాట్కోకే 2012 మార్చిలో బేయర్ మందు సొరాఫెనిబ్ తయారీకి నిర్బంధ లైసెన్సు దక్కింది. అయితే అది అర్హత కేసు కాదు, ధర, లభ్యతలకు సంబంధించినది.

పత్తి విత్తనం

మొక్కలు, జంతువులు, వాటి భాగాలు, విత్తనాలు, రకాలు పేటెంటుకు పనికిరావని 3(జె) అంటుంది. సూక్ష్మజీవులకు మాత్రం మినహాయింపు ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 1980లో ఆనంద చక్రవర్తి రూపొందించిన బాక్టీరియాకు 5-4 తేడాతో అర్హత ఇచ్చింది. మరి బాక్టీరియా జన్యువును పత్తిలో చొప్పిస్తే అది ఏ కోవలోకి వస్తుంది? అమెరికా విత్తన సంస్థ మోన్‌శాంటోకూ హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్‌కూ నడిచిన వ్యాజ్యం ఇదే. ఈ బీటీ జన్యువుపై ఉన్న 214436 నంబరు పేటెంటు చెల్లదని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2018 ఏప్రిల్ 11న చెప్పింది. సాక్ష్యాలు విచారించకుండా అలా తేల్చడం తగదని సుప్రీంకోర్టు 2019 జనవరి 8న కేసును వెనక్కి పంపింది. 2021లో ఉభయులూ రాజీ పడడంతో అసలు ప్రశ్న తేలకుండానే మిగిలింది.

కోటవురట్ల ప్రాంతానికి వర్తింపు

అనకాపల్లి జిల్లాలోని ఈ చెరకు ప్రాంతంలో చట్టం గీసిన గీతలు తేలిగ్గా కనిపిస్తాయి. చెరకు నాటే కొత్త పద్ధతి ఎంత లాభసాటిదైనా 3(హెచ్) ప్రకారం వ్యవసాయ పద్ధతికి పేటెంటు లేదు. అనకాపల్లి పరిశోధన కేంద్రం ఇచ్చిన చెరకు రకాల వంటివాటికి రక్షణ కావాలంటే 2001 నాటి మొక్కల రకాల చట్టం వేరే ఉంది. బెల్లం వండడం తరాల నాటి విద్య కనుక దానికీ హక్కు రాదు. అయితే బెల్లం వండే పెనం కింద తక్కువ పిప్పితో ఎక్కువ వేడినిచ్చే కొత్త పొయ్యిని ఎవరైనా తయారుచేస్తే అర్హత ఉండొచ్చు. పాత పొయ్యికి పాత ఫ్యానును జతచేసి, దేని పని అది విడిగా చేస్తుంటే మాత్రం 3(ఎఫ్) అడ్డొస్తుంది.

దగ్గరలోనే, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రపై లక్క అద్ది చేసే బొమ్మలు సంప్రదాయ కళ కనుక పేటెంటు పరిధిలోకి రావు. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగులతో ఆ కళకు కొత్త ఊపిరి పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఈ ప్రాంతం దాటి చూస్తే, అర్హతకు చక్కని తెలుగు ఉదాహరణ ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో పూర్తిచేసిన లక్ష్మీ ఆసు యంత్రం. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే అర్ధవృత్తంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేలసార్లు తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి, చదువు ఆరో తరగతితో ఆగిన మల్లేశం ఆ కదలికను యంత్రానికి నేర్పారు. గంటల పని గంటన్నరకు దిగింది. ఆసు పాతదే, యంత్రం మాత్రం కొత్తది. దానికి పేటెంటు లభించింది, మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది.

కంప్యూటర్ ప్రోగ్రాములు, గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు 3(కె) కింద పేటెంటుకు పనికిరావు. సాంకేతిక ఫలితం చూపే సాఫ్ట్‌వేర్‌పై వాదాలు నడుస్తున్నాయి.

దరఖాస్తుకు ముందే రైతు మేళాలో చూపించినా, వీడియోగా పెట్టినా యంత్రం సాధారణంగా కొత్తదనం కోల్పోతుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు మాత్రం 31వ సెక్షన్ 12 నెలల వెసులుబాటు ఇస్తుంది. తాత్కాలిక వివరణతో ముందు తేదీ నమోదు చేసుకుని, 12 నెలల్లోగా పూర్తి వివరణ దాఖలు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి.