రంగు కనిపించని రాజ్యాంగం - ఈ మాట ఎవరి వారసత్వం?

అమెరికాలో రిజర్వేషన్ల వంటి ఏర్పాట్లను వ్యతిరేకించే న్యాయవాదులు తమ మూలపురుషుడు జస్టిస్ హార్లన్ అంటారు. 1896లో, ప్లెసీ కేసులో, నల్లవాళ్ళకు వేరే రైలుపెట్టె పెట్టడం తప్పేమీ కాదని ఏడుగురు జడ్జీలు తీర్పు చెప్తే కాదన్నవాడు ఆయనొక్కడే. మన రాజ్యాంగానికి రంగు కనిపించదని రాశాడు. నిజమే. కానీ అదే చోట, ఈ దేశంలో పైచేయి తెల్లజాతిదేననీ, ఎప్పటికీ అలాగే ఉండగలదనీ కూడా రాశాడు. హార్లన్‌ను ఆకాశానికెత్తేవాళ్ళు ఈ వాక్యం వచ్చేసరికి గబగబా దాటేస్తారు.

అసలు ఈ వాదానికి తాత హార్లన్ కాదు, ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ అని మేం అంటాం. బానిసత్వం రద్దయి ఏడాది తిరక్కుండానే, 1866 మార్చిలో, నల్లవాళ్ళకు పౌరహక్కులిచ్చే బిల్లును ఆయన వెనక్కి కొట్టాడు. కారణం? రంగు చూసి నల్లవాళ్ళ పక్షాన తెల్లవాళ్ళకు అన్యాయం చేస్తోందట! నిన్నటిదాకా సంతలో అమ్ముడుపోయిన మనిషికి కోర్టుకెక్కే హక్కిస్తే అది పక్షపాతమైపోయింది. పార్లమెంటు ఆ వీటోను తోసిపుచ్చింది. విముక్త బానిసలకు బడులు, ఆస్పత్రులు నడిపిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోను కూడా జాన్సన్ వీటోను కాదనే పొడిగించింది. 1868లో అమల్లోకొచ్చిన 14వ సవరణను రాసింది ఆ పార్లమెంటే.

ఇక్కడే చిక్కంతా ఉంది. 1982లో లా విద్యార్థులు పెట్టిన ఫెడరలిస్ట్ సొసైటీ చుట్టూ ఎదిగిన సంప్రదాయవాదులు ఏమంటారంటే, రాజ్యాంగాన్ని రాసిననాటి అర్థంలోనే చదవాలి. సరే, చదవండి మరి! ఆనాటివాళ్ళు నల్లవాళ్ళ కోసం ప్రత్యేకంగా బడులు పెట్టారు కదా? దీనికి 2023లో జస్టిస్ క్లారెన్స్ థామస్ చెప్పిన జవాబు: ఆ చట్టంలో ఉన్నది జాతి కాదు, విముక్తి పొందిన స్థితి. థామస్ స్వయంగా నల్లవాడు. 1991లో తుర్గుడ్ మార్షల్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నవాడు. 1978లో, బాకీ కేసులో, డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 కేటాయించడాన్ని కోర్టు కొట్టేస్తే, వందల ఏళ్ళ వివక్షను లెక్కలోకి తీసుకోరా అని నిలదీసినవాడు ఆ మార్షల్.

బాకీ తీర్పులో జాతిని ఒక అంశంగా చూడొచ్చన్న సందు మిగిలింది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో ఆ సందునీ దాదాపు మూసేశారు. మిలిటరీ అకాడమీల జోలికి మాత్రం పోలేదు. సైన్యానికి నల్ల ఆఫీసర్లు కావాలి కాబోలు.

మనకీ ఇలాంటి దెబ్బ తగిలింది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1951లో, చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కమ్యూనల్ జీవోను కొట్టేసింది. అదే ఏడు మొదటి సవరణతో 15(4) వచ్చింది. అమెరికాలో ఆ దారి దొరకదు. సవరణకు నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. మొత్తం 27 సవరణల్లో చివరిది పూర్తయింది 1992లో. కాబట్టి కోర్టు కుర్చీలు ఎవరివైతే రాజ్యాంగం వాళ్ళదే. ఫెడరలిస్టులు నలభై ఏళ్ళు ఓపిగ్గా పట్టుకున్నది వాటినే.

ఫలితం 2024లో కనిపించింది. ఎం.ఐ.టి.లో కొత్తగా చేరినవాళ్ళలో నల్ల విద్యార్థులు 13 శాతం నుంచి 5 శాతానికి పడిపోయారు. ఆసియన్లు 47 శాతానికి పెరిగారు. ఆ ఆసియన్లలో మనదేశం పిల్లలూ ఉంటారు. ఏ కులాలవాళ్ళన్నది ఆ లెక్కల్లో రాయరు.