పేర్ల జాబితాలో తెలుగు

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలుదారిలో టైడా స్టేషన్ ఉంది. ఆ పేరు కంటికి రెండక్షరాలే. కంప్యూటర్‌కి మాత్రం నాలుగు సంకేతాలు: ట, ఐత్వం, డ, దీర్ఘం. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకి చోటు దొరికింది. కానీ ఆ నాలుగింటినీ రెండుగా అతికించి తెరమీద చూపాలిగా? ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది.

కంపైల్ అయిన లైబ్రరీ మనిషి చదవడానికి వీలుగా ఉండదు. అయితే బయటి ప్రోగ్రాములు పిలవాల్సిన ఫంక్షన్ల పేర్లు అందులో మిగిలే ఉంటాయి. వాటిని బయటపెట్టే పనిముట్టు చాలా పాతది. 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో తయారైన యూనిక్స్ మొదటి మాన్యువల్లోనే 'ఎన్ఎమ్' ఉంది. నేమ్‌లిస్ట్, అంటే పేర్ల జాబితా. ఇప్పటికీ లినక్స్‌లో అదే పేరు, అదే పని.

హార్ఫ్‌బజ్ మీద దాన్ని నడిపితే 'హెచ్‌బీ బఫర్ క్రియేట్', 'హెచ్‌బీ షేప్' వగైరాలు వరసగా వస్తాయి. తెలుగు మాత్రం కనబడదు! తెలుగు లిపి పేరు హెడర్ ఫైల్లో ఒక స్థిరాంకం. కంపైల్ అయ్యాక వట్టి అంకెగా మిగులుతుంది. ఏ ఫంక్షన్‌కి ఏమేం అందించాలో కూడా సీ భాషలో పేరుని బట్టి తెలీదు. సీ ప్లస్ ప్లస్ వచ్చాక ఆ వివరాలని పేరులోనే మడతపెట్టారు.

జాబితాలో ఒక పేరు పోతే పాత ప్రోగ్రాము ఆగిపోతుంది, కారణం వెంటనే దొరుకుతుంది. పేర్లన్నీ ఉండి లోపలి పద్ధతి మారితే జాబితా ఏమీ చెప్పదు. ఐత్వం సరిగ్గా పడిందో లేదో టైడా అని టైప్ చేసి చూసుకోవాల్సిందే.