కరపత్రాలు పంచినందుకు జైలు

2001 జులైలో లక్నో పోలీసులు భరోసా ట్రస్టు, నాజ్ ఫౌండేషన్ ఇంటర్నేషనల్ కార్యాలయాల మీద దాడి చేశారు. మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లకు ఎయిడ్స్ ఎలా సోకుతుందో చెప్పడం, కండోములు అందించడం ఆ సంస్థల పని. దాడిలో దొరికినవి సురక్షిత లైంగిక జీవనం గురించిన కరపత్రాలు, వీడియోలు. పోలీసులు వాటినే అశ్లీల సాహిత్యంగా చూపించారు. ఆ సంస్థల్లో పనిచేసే ఆరిఫ్ జాఫర్ సహా నలుగురిని జైల్లో పెట్టారు. కింది కోర్టులు బెయిలివ్వలేదు. హైకోర్టు దయతలిచేసరికి నెలన్నర దాటింది.

పోలీసుల చేతిలోని ఆయుధం భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్. 1860లో తెల్లదొరలు రాసిన చట్టం అది. ఇద్దరు వయోజన మగవాళ్లు ఇష్టపడి కలిసినా యావజ్జీవం దాకా శిక్ష వేసే వీలుండేది. కోర్టుల దాకా వచ్చిన కేసులు కొద్దే. దాని అసలు ప్రతాపమంతా చీకటిపడ్డాక పార్కుల్లో కనిపించేది. కానిస్టేబుల్ అక్కడి మగవాళ్ల జేబులు తడిమినప్పుడు కండోము బయటపడితే చాలు, ఇంట్లో చెబుతానని బెదిరించేవాడు, ఉన్న డబ్బు లాక్కునేవాడు. అందుకని కండోము దగ్గర పెట్టుకోవడానికే జంకేవాళ్లు. సుఖవ్యాధి వచ్చినా డాక్టరు ముందు నోరు విప్పేవాళ్లు కాదు. వైరస్‌కు ఇంతకంటే అనుకూలమైన చోటు ఏముంటుంది?

ఈ సంగతిని ఢిల్లీలో కొందరు పదేళ్ల ముందే గట్టిగా చెప్పారు. ఎయిడ్స్ భేదభావ్ విరోధీ ఆందోళన్ అనే చిన్న బృందం 1991లో 'లెస్ దాన్ గే' పేరుతో నివేదిక తెచ్చింది. మన దేశంలో స్వలింగ సంపర్కుల స్థితిగతుల మీద పౌరులు తయారుచేసిన తొలి నివేదికల్లో అదొకటి. 1992 ఆగస్టులో కన్నాట్ ప్లేస్ పార్కులో స్వలింగ సంపర్కులన్న అనుమానంతో మగవాళ్లను పోలీసులు పట్టుకెళ్లారని తెలిసి ఆ బృందం పోలీసు ప్రధాన కార్యాలయం ముందే ధర్నాకు దిగింది. ఆ రోజుల్లో అలా బహిరంగంగా నిలబడటానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవాల్సిందే. 1994లో తీహార్ జైలు ఖైదీలకు కండోములు ఇవ్వాలన్న సూచనను జైలు అధికారులు తోసిపుచ్చారు. దాంతో బృందం 377 రాజ్యాంగ విరుద్ధమంటూ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఆ పిటిషన్ ఏళ్ల తరబడి నలిగి నలిగి చివరికి కొట్టివేతకు గురైంది.

పోరాటం మాత్రం ఆగలేదు. ఢిల్లీలో హెచ్ఐవీ బాధితుల కోసం పనిచేస్తున్న నాజ్ ఫౌండేషన్ (ఇండియా) ట్రస్టు 2001లోనే మళ్లీ కేసు వేసింది. చట్టం భయపెడుతుంటే వైద్యం మనిషిని చేరదన్నది దాని ప్రధాన వాదన. విచారణలో ఒకే ప్రభుత్వం రెండు నాలుకలతో మాట్లాడింది. హోంశాఖ 377ను వెనకేసుకొచ్చింది. ఆరోగ్యశాఖ కింద ఉన్న జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే న్యాకో, ఈ సెక్షన్ తమ పనికి అడ్డమని ప్రమాణపత్రం దాఖలు చేసింది. మామూలు జనాభాలో హెచ్ఐవీ ఒక శాతం లోపే ఉండగా మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లలో 8 శాతం దాటిందని లెక్క చూపింది.

2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు నాజ్ ట్రస్టు వాదనను అంగీకరించింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నిన్నటిదాకా పౌరులుగా తలెత్తుకున్నవాళ్లు తెల్లారేసరికి మళ్లీ నేరస్థులయ్యారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులోనే అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెద్దలు పరస్పర అంగీకారంతో కలవడం నేరం కాదని తేల్చింది. ఆ కేసులో పిటిషనర్లలో ఆరిఫ్ జాఫర్ ఒకరు.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో వాటా ఉంది. హిజ్రాలను పుట్టుకతోనే అనుమానితులుగా చూసి, పేర్లు రిజిస్టరులోకి ఎక్కించి, వారంటు లేకుండా అరెస్టు చేసే వీలిచ్చిన నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లోగానీ కొట్టేయలేదు. అదే ఏడాది సుప్రీంకోర్టు స్వలింగ వివాహ హక్కును నిరాకరించిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే.

పని ఇంకా మిగిలే ఉంది. 2017 నాటి రక్తదాన మార్గదర్శకాలు మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లను, ట్రాన్స్‌జెండర్లను దాతల జాబితా నుంచి శాశ్వతంగా తప్పించాయి. వాటిని జారీ చేసినవాళ్లలో న్యాకో కూడా ఉంది. చూడాల్సింది దాత ఎవరన్నది కాదు, ఆ వ్యక్తికి ఉన్న ముప్పు ఎంతన్నది. 377 మీద కోర్టులో నిజం చెప్పిన సంస్థ ఈ నిబంధనను కూడా మార్చాలి.