నిమిషానికో గీత

1992 ఆగస్టు 1న విశాఖ ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది. ఆ రోజుల్లో ఈ ఊళ్లోనే ఒక ఇన్‌స్ట్రుమెంట్ షాపులో పనిచేసేవాణ్ణి. చార్టు రికార్డరు పరీక్షకు నిమిషానికొకసారి లేచిపడే సిగ్నల్ కావాలి. 555 టైమరుకు పెద్ద కెపాసిటరు తగిలించాను. దాని లీకేజీ వల్ల, వేడి వల్ల గీతల ఎడం మారిపోయేది. నేనేమో రికార్డరు మోటారే చెడిందనుకుని, బాగున్న దాన్ని విప్పేశాను! సీనియరు గారికి చెప్పలేదు.

తరువాత 8051 చేతికొచ్చింది. ఇంటెల్ వారు 1980లో తెచ్చిన మైక్రోకంట్రోలరు. 12 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ పెడితే దాని టైమరు మైక్రోసెకనుకు ఒకటి చొప్పున లెక్కిస్తుంది. 65,536కు మించి లెక్కించలేదు. అందుకని 50,000 లెక్కను ఒక విడతగా పెట్టి, 1,200 విడతలు ఎంచమన్నాను: సరిగ్గా నిమిషం. 1,200 బదులు 600 అంటే అర నిమిషం. కెపాసిటరు మార్చే బాధే లేదు.

వాచీ చూస్తూ పావుగంట నిలబడ్డాను. 15 గీతలు, సమానమైన ఎడం. అప్పుడు వెళ్లి సీనియరు గారికి పాత సంగతి చెప్పాను.